ముసురుకు ముందు మూడు రోజులు

దసరా వెళ్లిపోయింది, దీపావళి సందడి మొదలైంది. పొద్దున్నే పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త: ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే అవకాశం. మీరేం చేస్తారు? పేజీ తిప్పేస్తారు, అవునా? మూడు రోజులు తిరిగేసరికి అదే వార్త మొదటి పేజీకెక్కుతుంది. ఫోన్‌లో హెచ్చరిక మెసేజ్ మోగుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో ఎర్ర రంగు పటాలు తిరుగుతాయి. అప్పుడు ఊరు ఊరంతా ఒకేసారి పరుగు. అద్దెకు పట్టాలు దొరకవు, వరికోత మెషిన్ దొరకదు, పెట్రోలు బంకు దగ్గర బారులు, రైలు రద్దయిన సంగతి స్టేషన్‌కి వెళ్లాకగానీ తెలియదు.

ఈ అధ్యాయం ఆ మూడు రోజుల గురించి. ఉరుములెందుకు ఉరుముతాయో, గాలి ఎందుకు సుడి తిరుగుతుందో ఇక్కడ చెప్పబోవడం లేదు. చేతికొచ్చిన వాతావరణ సూచనను పనిలోకి ఎలా దించాలన్నదే మన లెక్క.

ఒక్క ముక్క మాత్రం ముందే తెలిసి ఉండాలి. నైరుతి రుతుపవనాలు అక్టోబరు నడిమికి మన దగ్గర నుంచి సర్దుకుంటాయి. అక్టోబరు 20 ప్రాంతంలో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. అక్కడి నుంచి డిసెంబరు దాకా కోస్తాకు, రాయలసీమకు వాన తూర్పు దిక్కునుంచే వస్తుంది. బంగాళాఖాతంలో ఏదో ఒకటి పుడితే ముసురు, అది పక్కకు తప్పుకుంటే తెరిపి, తెరిపి వెనకాలే తెల్లవారుజామున పొగమంచు. స్వాతి, విశాఖ కార్తెలంటూ మన పెద్దలు గుర్తుపెట్టుకున్న రోజులు ఈ కాలంలోవే. వరి కోతకొచ్చేది, పత్తి తీతలు జోరందుకునేది, కార్తీక వనభోజనాలు, పెళ్లిళ్లు, అరకు ప్రయాణాలు అన్నీ ఈ రెండున్నర నెలల్లోనే వచ్చి పడతాయి. అందుకే ఈ కాలంలో సూచన చదవడం రానివాళ్లకు నష్టం ఎక్కువ.

1. "వాన పడుతుందా?" అని అడగడం మానేయండి

ఈ ప్రశ్నకు ఎవరూ మీకు పనికొచ్చే జవాబు చెప్పలేరు. మీ చేతిలో ఉన్న పని ఏమిటో, దాన్ని ఏ గడియ దాకా మార్చుకోవచ్చో ముందు తేల్చుకోండి. ఒక కాగితం మీద మూడే గళ్లు: పని, దాన్ని చెడగొట్టేది, నిర్ణయానికి ఆఖరి గడువు.

శుక్రవారం రాత్రి మేనకోడలి పెళ్లి, ఆరుబయట పందిరి అనుకోండి. దాన్ని చెడగొట్టేది గంటసేపు కురిసే గట్టి వాన, లేదా ఈదురుగాలి. షామియానా వాడికి వాటర్‌ప్రూఫ్ పందిరి వేయమని చెప్పడానికో, కల్యాణ మండపం మాట్లాడుకోవడానికో ఆఖరి గడువు మంగళవారం. అంటే మీరు సూచన చూడాల్సింది మంగళవారం పొద్దున. శుక్రవారం మధ్యాహ్నం ఆకాశం వంక చూసి దండం పెట్టుకుంటే ఒరిగేదేముంది? అదే మీ పని సైకిల్ మీద ఊళ్లోకి వెళ్లి రావడమైతే గడువు అరగంట ముందు. దానికి ఐదు రోజుల సూచన అక్కర్లేదు.

నన్నడిగితే వాతావరణ సూచనతో విసుగెత్తిన వాళ్లలో చాలామందికి అసలు చిక్కు సూచన తప్పడం కాదు. చూడాల్సిన రోజున చూడకపోవడం.

2. మాటలు కొలతలని గుర్తుంచుకోండి

టీవీలో చదివే ఆ ముక్కలు మనకు చెవికి అలవాటైపోయి అర్థం పోగొట్టుకున్నాయి. "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "అనేక చోట్ల" అంటే ఏదో మర్యాదకు అన్న మాటలని మన నమ్మకం. కాదు. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపు. కొన్ని చోట్ల అంటే సగం లోపు. అనేక చోట్ల అంటే సగానికి మించి, ముప్పావు దాకా. అది కూడా దాటితే దాదాపు అన్ని చోట్లా. మీ ఊరికి వాన తగిలే అవకాశం ఎంతో ఈ మాటలోనే ఉంది. "కొన్ని చోట్ల భారీ వర్షాలు" అని చెప్పాక మా ఊళ్లో చినుకు కూడా పడలేదని తిట్టుకోవడం న్యాయం కాదు మరి.

"భారీ" కూడా అంతే. ఇరవై నాలుగు గంటల్లో 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి 115.5 దాకా భారీ, 204.4 దాకా అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. వాన లెక్కలో రోజు అర్ధరాత్రి నుంచి మొదలవదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. అందుకే తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా కురిసిన వాన ఒక రోజు లెక్కలో కొంత, మర్నాటి లెక్కలో కొంతగా కనబడి తికమక పెడుతుంది.

మిల్లీమీటర్లంటే కళ్లకు ఆనదు. ఇలా లెక్క వేసుకోండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. మీ డాబా 100 చదరపు మీటర్లయితే, 100 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేవి 10 వేల లీటర్లు. అన్ని నీళ్లూ డాబా మూలనున్న ఆ రెండు గొట్టాల్లోంచే దిగాలి. గొట్టం మూతి దగ్గర కొబ్బరి ఆకు ముక్క, నిరుడు సంక్రాంతికి ఎగరేసిన గాలిపటం తోక, పావురాల ఈకలు కలిసి ముద్దకట్టి ఉంటాయి. ఇవాళే మెట్లెక్కి చూడండి. ఎకరం పొలానికైతే అదే 100 మిల్లీమీటర్లు సుమారు 4 లక్షల లీటర్లు. మీ పొలం మురుగు బోదె ఆ నీటిని తీయగలదా?

హెచ్చరిక రంగుల దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఎరుపంటే ఎక్కువ వాన, పసుపంటే తక్కువ వాన అనుకుంటారు. ఆ రంగు మీరేం చేయాలో చెబుతుంది. ఆకుపచ్చకు హెచ్చరిక లేదు. పసుపుకు గమనిస్తూ ఉండండి, నారింజకు సిద్ధంగా ఉండండి, ఎరుపుకు కదలండి. నారింజ రంగు రోజున సిద్ధం కానివాడికి ఎరుపు రోజున చేయడానికి ఏమీ మిగలదు.

3. సీజన్ సూచన, వారం సూచన, మూడు గంటల సూచన: దేని పని దానిదే

సెప్టెంబరు ఆఖర్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎలా ఉండొచ్చో వాతావరణ శాఖ చెబుతుంది. "సాధారణం కంటే ఎక్కువ" అనో "సాధారణం" అనో. ఇది మొత్తం మూడు నెలల, పెద్ద ప్రాంతపు లెక్క. సీజన్ అంతా సాధారణమేనని చెప్పినా, ఆ వానంతా నాలుగు రోజుల్లో కురిస్తే మీ వీధిలో పడవలు తిరుగుతాయి. దీన్ని బట్టి ఏ రకం విత్తాలి, పంట బీమా కట్టాలా, ఇంటి పైకప్పు మరమ్మతు ఈ ఏడే చేయించాలా అన్నవి తేల్చుకోండి. పెళ్లి ముహూర్తం దీన్ని బట్టి పెట్టకండి.

నాలుగైదు రోజుల జిల్లా సూచన కూలీలకు, యంత్రాలకు, టికెట్లకు. మొదటి మూడు రోజులూ గట్టిగా నమ్మొచ్చు. నాలుగు, ఐదో రోజుల మాట పెన్సిల్‌తో రాసుకోండి, రోజూ దిద్దుకోండి. రైతులకైతే మంగళ, శుక్రవారాల్లో వ్యవసాయ వాతావరణ సలహాలు వస్తాయి. మేఘదూత్ యాప్‌లో మీ జిల్లాది తెలుగులోనే చదువుకోవచ్చు.

మూడు గంటల సూచన గడప దాటడానికి. ఉరుములు, పిడుగులు ఎటు వస్తున్నాయో అందులో తెలుస్తుంది. దామిని యాప్ మీ చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది. పొలంలో పనిచేసేవాళ్లు, గొర్రెల్ని మేపేవాళ్లు ఈ ఒక్క యాప్ పెట్టుకున్నా చాలు. అది మోగాక తాటిచెట్టు కిందికి మాత్రం వెళ్లకండి.

4. పేరు చిన్నదని వదిలేయొద్దు

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను. ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి కట్టినవి. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 62కు చేరితే తుపాను. ఇక్కడే ఉంది మెలిక. మెట్టు గాలిది, వానది కాదు. గాలి పెద్దగా లేకుండానే ముంచేసే వాన కురవొచ్చు.

2021 నవంబరు 19 గుర్తుందా? ఆ తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది ఒట్టి వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. కానీ ఎగువన కురిసిన వానకు చెయ్యేరు పొంగి, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, కింది పల్లెల్ని ఊడ్చేసింది. తుపాను కాదులే అని పడుకోవడానికి ఆ రోజు ఎవరికీ వీల్లేకపోయింది. మీరు నది ఒడ్డునో, చెరువు కట్ట కిందో ఉంటే మీ ఊరి సూచన ఒక్కటే చాలదు. పైన, ఆ నీళ్లు వచ్చే చోట ఎంత వాన చెబుతున్నారో చూడండి.

ఇంకో రకం పొరపాటు 2014 అక్టోబరు 12న విశాఖవాసులకు ఎదురైంది. హుద్‌హుద్ తుపాను కన్ను నగరం మీదుగా దాటుతున్నప్పుడు గాలి ఒక్కసారి ఆగినట్టయింది. అయిపోయిందనుకునే ఘడియ అది. ఆ తర్వాత రెండో వైపు నుంచి మళ్లీ విరుచుకుపడింది. గాలి ఉన్నట్టుండి ఆగితే తలుపు తీయకండి. తీరం దాటడం పూర్తయిందని అధికారికంగా చెప్పేదాకా లోపలే ఉండండి.

5. వరి పొలం ఉంటే ఈ పేజీ మడిచి పెట్టుకోండి

కృష్ణా, గోదావరి డెల్టాల్లో నవంబరు, డిసెంబరు అంటే ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన రోజులు. 2023లో మిగ్‌జాం డిసెంబరు 1న వాయుగుండంగా మారింది, 3న తుపానైంది, 5న మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి కొందరిది నిలబడ్డ పంట, కొందరిది పనల మీద ఉంది, కొందరి ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంది. వాయుగుండం కబురు నుంచి తీరం దాటే దాకా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఎవరి పంట ఏ దశలో ఉందో దాన్ని బట్టి చేయాల్సిన పని వేరు.

పంట ఇంకా కోయలేదు అనుకోండి. కంకి పూర్తిగా పండి, పక్క ఊళ్లోనైనా మెషిన్ దొరికి, రెండు రోజుల తెరిపి ఖాయమనిపిస్తే కోసేయండి. గింజ పచ్చిగా ఉంటే మాత్రం కంగారుపడి కోయొద్దు. నిలబడ్డ పైరు వానకు పడిపోయినా కొంత దక్కుతుంది. కోసి పనల మీద వదిలేసింది నీళ్లలో నానితే గింజ మొలకెత్తుతుంది. అందుకే సూచన వచ్చిన రోజు మొదటి పని కొడవలి పట్టడం కాదు, పార పట్టడం. గట్లకు గండ్లు కొట్టి, మడిలో నీరు తీసి, మురుగు కాలువ మూతి దగ్గర గుర్రపు డెక్క లాగేయండి. ఆ పనికి ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు.

పనల మీద ఉంటే? బాగా ఎండిన పనల్ని వెంటనే కుప్ప వేసి, పైన పట్టా కప్పి, గాలికి లేవకుండా తాళ్లతో కట్టండి. తడి ఉన్నవాటిని కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. రంగు మారిన ధాన్యానికి కొనుగోలు దగ్గర ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పటికే వాన తగిలిన పనలకు, పడిపోయిన పైరుకు 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకుల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. వాన ఆగీ ఆగగానే కొట్టాలి, మూడో రోజు దాకా ఆగితే దండగ.

ధాన్యం కళ్లంలో ఉంటే లెక్క తేమది. మద్దతు ధరకు 17 శాతం మించకూడదు. మబ్బు పట్టిన రోజుల్లో ఎంత ఆరబోసినా తేమ దిగదు, పైగా రాత్రి మంచుకు మళ్లీ పెరుగుతుంది. అలాంటప్పుడు రోడ్డు మీద పోసి సూర్యుడి కోసం చూడకుండా బస్తాలకెత్తి, నేలకు తగలకుండా కర్రదుంగల మీదో ఇటుకల మీదో పేర్చి కప్పెయ్యండి. పట్టా కప్పాక చుట్టూ చిన్న బోదె తీయడం మర్చిపోకండి. పైనుంచి తడవకపోయినా కిందినుంచి నాని పాడైన బస్తాలే ఎక్కువ.

ఎరువులు, మందుల మాట ఒక్క వాక్యంలో: వాన సూచన ఉన్న రెండు రోజులూ యూరియా చల్లకండి, మందు కొట్టకండి, ఆ డబ్బు కాలువపాలు. పత్తి రైతులు విచ్చిన కాయల్ని వానకు ముందే తీసేసుకోవాలి. పొద్దున్నే మంచు తడితో తీయకండి. 8 శాతం తేమ దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే కొనరు.

6. చెరువుల వాళ్లకు వాన కంటే మబ్బే ప్రమాదం

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల రైతుల్ని కదిపి చూడండి. గట్టి వాన కంటే రెండు మూడు రోజులు వదలని మబ్బు చూస్తేనే వాళ్లకు నిద్ర పట్టదు. ఎండ లేకపోతే నీటిలోని నాచు పగలు ప్రాణవాయువు తయారుచేయలేదు, రాత్రి మాత్రం మామూలుగానే వాడేసుకుంటుంది. అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా రెండు గంటల నుంచి తెల్లవారే లోపు, ప్రాణవాయువు పడిపోతుంది. రొయ్యలు గట్టు వెంట పైకి తేలాయంటే అప్పటికే ఆలస్యం.

సూచనలో "మేఘావృతం" అన్న మాట కనిపించిన రోజు నుంచే మేత తగ్గించండి. ఏరేటర్లు రాత్రి ఆపకండి. జనరేటర్‌కి డీజిల్ ముందే తెచ్చి పెట్టుకోండి, ఎందుకంటే గాలివానకు మొదట పోయేది కరెంటే. పెద్ద వాన పడితే మంచినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద వేర్వేరు పొరలుగా నిలబడతాయి. పైనీళ్లను తూము పలకల మీదుగా బయటకు వదిలేలా ముందే సర్దుకోండి. సున్నం బస్తాలు గట్టు మీద, పట్టా కింద ఉండాలి.

వేటకెళ్లే వాళ్లకు చెప్పాల్సింది తక్కువ. వేటకు వెళ్లొద్దన్న రోజున బేరసారాలు లేవు. అప్పటికే సముద్రంలో ఉన్నవాళ్లకు కబురు అందిందో లేదో ఇంట్లోవాళ్లు రేవులో అడగాలి. అలల ఎత్తు ఎంతో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ చెబుతుంది. ఆకాశం తేటగా ఉన్నా దూరంగా పుట్టిన తుపాను ఇక్కడ కెరటాల్ని లేపుతుంది.

7. ఊళ్లో అమ్మానాన్నలు, మీరెక్కడో ఉంటే

"నాన్నా, మీకు రేపు రెడ్ అలర్ట్ అట. బయటికి వెళ్లకండి."

"ఇక్కడ ఎండ పేలిపోతోందిరా. మీ టీవీల గోల మీది."

హైదరాబాద్ నుంచో, డాలస్ నుంచో అమలాపురానికి చేసే ఈ ఫోను ప్రతి కార్తీకంలోనూ వేల ఇళ్లలో మోగుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు రేపటి మాట చెబుతున్నారు, ఇంకొకరు కిటికీలోంచి ఇప్పుడు కనబడుతున్నది చెబుతున్నారు. భయపెట్టిన కొద్దీ పెద్దవాళ్లు మొండికేస్తారు. భయం మాటలు మానేసి పనుల మాటలు అడగండి. బీపీ మాత్రలు ఎన్ని రోజులకున్నాయి? ఇన్వర్టర్‌లో నీళ్లు చూసి ఎన్నాళ్లయింది? మోటారు వేసి పై ట్యాంకు నింపారా? గ్యాస్ బండ రెండోది నిండుగా ఉందా? ఆధార్, పొలం పాస్‌పుస్తకం, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో వేసి అటక మీద పెట్టారా? రేకుల షెడ్డు మీద బరువులున్నాయా? ఇలా అడిగితే "ఆగు, చూసొస్తా" అంటారు. మీక్కావలసిందీ అదే కదా.

ఫార్వర్డ్‌ల విషయంలో ఒక్కటే నియమం పెట్టుకోండి. తేదీ, గంట, ఇచ్చిన కార్యాలయం పేరు, ఈ మూడూ లేని పటాన్ని ఎవరికీ పంపకండి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చినవి చాలు. పాత తుపాను వీడియో కొత్త సంగీతంతో తిరగడం మన దగ్గర పండగ ఆనవాయితీ అయిపోయింది.

8. తప్పిపోయిన సూచనతో ఏం చేయాలి?

మీరు పట్టాలు కొన్నారు, మెషిన్‌కి ఎక్కువ ఇచ్చి కోయించారు, ప్రయాణం మానుకున్నారు. తీరా అది ఒడిశా వైపు మళ్లింది. చినుకు లేదు. ఊళ్లో నవ్వారు. వచ్చేసారి ఏం చేస్తారు?

చాలామంది వచ్చేసారి వినరు. అసలు దెబ్బ తగిలేది అక్కడే. లెక్క ఇలా చూడండి: జాగ్రత్తకు పెట్టిన ఖర్చు ఎంత, అది లేకపోతే పోయేది ఎంత? అద్దె పట్టాలకు రెండు మూడు వేలు, పోయేది ఎకరం ధాన్యం అయితే, మూడుసార్లలో రెండుసార్లు సూచన తప్పినా మీరు లాభంలోనే ఉంటారు. ఖర్చు ఎక్కువ, పోయేది తక్కువ అయితే నారింజ రంగు వచ్చేదాకా ఆగండి. ఈ లెక్క మీ ఇంటికి మీరే వేసుకోవాలి, పక్కింటివాడి లెక్క మీకు సరిపోదు.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్టు, అల్పపీడనం వస్తోందని చెరువు నీళ్లు వదిలేసుకునేవాళ్లు, బోరు మోటారు పీకేసి పెట్టేవాళ్లు రాయలసీమలో కనిపిస్తారు. వెనక్కి తెచ్చుకోలేని పని ఏదైనా చేసే ముందు ఒక్క రోజు ఆగి మళ్లీ సూచన చూడండి. వెనక్కి తెచ్చుకోగలిగే పనైతే ఆగకుండా చేసేయండి.

9. తెరిపి ఇచ్చింది కదా అని తెల్లవారుజామున బయల్దేరకండి

వాయుగుండం వెళ్లిపోయింది. సాయంత్రం చుక్కలు కనిపిస్తున్నాయి, గాలి ఆడడం లేదు, నేల తడిగా ఉంది. ఈ మూడూ కలిశాయంటే మర్నాడు తెల్లవారుజామున పొగమంచు కమ్మే అవకాశం ఎక్కువ. రాత్రంతా మబ్బు దుప్పటిలా కప్పి ఉంటే నేల అంతగా చల్లబడదు, అందుకని మంచు పట్టదు. మబ్బు తొలగిన మొదటి రాత్రే జాగ్రత్త. ఇది తెలియక, వాన నాలుగు రోజులూ ఇంట్లో కూర్చుని, తెరిపిచ్చిన మర్నాడు నాలుగింటికి కారు తీసేవాళ్లెందరో.

సూచనలో "దట్టమైన పొగమంచు" అంటే 200 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తుందని. "అతి దట్టమైన" అంటే 50 మీటర్లు కూడా కనబడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అతి దట్టమైన మంచులో ముందు ఆగి ఉన్న లారీ కనబడేసరికి మీకు మిగిలేది రెండు సెకన్లు. జాతీయ రహదారుల మీద, ముఖ్యంగా చెరువులు, కాలువ వంతెనలు, వరిచేల పక్క నుంచి పోయే చోట్ల మంచు తెరలు తెరలుగా ఉంటుంది. తేటగా ఉన్న రోడ్డు మీద వేగం పెంచుకున్నాక ఉన్నట్టుండి తెల్లటి గోడలోకి దూరుతారు.

బయల్దేరక తప్పకపోతే హెడ్‌లైట్లు డిప్‌లో పెట్టండి. హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి మీ కళ్లలోకే వస్తుంది. కదులుతూ హజార్డ్ లైట్లు వేయకండి, మీరు ఆగారో వెళ్తున్నారో వెనకవాడికి తెలియదు. అద్దం లోపలివైపు పట్టే ఆవిరికి ఏసీ వేయండి. ఎడమ వైపు తెల్లగీతను పట్టుకుని వెళ్లండి. ఆగాల్సి వస్తే రోడ్డు మార్జిన్‌లో కాదు, పెట్రోలు బంకులోకో ధాబాలోకో పూర్తిగా దిగి ఆగండి. గన్నవరం నుంచి పొద్దుటి విమానం ఎక్కేవాళ్లు డిసెంబరు, జనవరిల్లో ఆ వెంటనే ఇంకో విమానం పట్టుకునేలా టికెట్లు తీయకండి. మంచుకు విమానాలు ఆలస్యమవడం అక్కడ మామూలే.

ఇక సరదా ప్రయాణాలు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి కింద మబ్బుల సముద్రం చూడాలని కుర్రాళ్లంతా అర్ధరాత్రి బళ్లు తీస్తారు. దానికి కావలసింది పైన తేటగా ఉన్న ఆకాశం, గాలి లేకపోవడం, లోయలో తేమ. అల్పపీడనం ఉన్న రోజున వెళ్తే మబ్బు మీ కిందుండదు, మీరే మబ్బులో ఉంటారు. ఎటు చూసినా తెల్లగా, తడిగా, చలిగా ఉంటుంది, ఫొటో కూడా రాదు. పైగా ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగేది కూడా ఆ రోజుల్లోనే. అరకు, లంబసింగి టికెట్లు, గదులు తీసేముందు జిల్లా సూచనలో వరుసగా రెండు రోజులు "పొడి వాతావరణం" అని ఉందో లేదో చూడండి. ఉంటే ఆ రెండో తెల్లవారుజామున ఎక్కండి. లేదంటే రద్దు చేసినా డబ్బు తిరిగిచ్చే గదే తీసుకోండి. ఘాట్ మాత్రం సూర్యుడొచ్చాక, ఎనిమిది దాటాకే దిగండి. ఆఫీసుకు ఆలస్యమవుతుందని ముందు రోజే చెప్పి ఉంచండి.